కంపాస్, స్కేలుతో క్రమ పంచభుజి: టాలమీ దారిలో ఎలా గీయాలి

షడ్భుజి గీయడం అందరికీ వచ్చు. వృత్తం గీసి, కంపాస్ కొలత మార్చకుండా చుట్టూ గుర్తులు పెట్టుకుంటూ వెళితే ఆరో గుర్తు మొదటి చోటికే వచ్చి కూర్చుంటుంది. గొడవంతా పంచభుజి దగ్గరే. "నాలుగు భుజాలు బాగానే వస్తాయి, ఐదోది మాత్రం పొడుగైపోతోంది, ఎందుకు?" అని అడిగేవాళ్లు ఎక్కువ. "ప్రొట్రాక్టర్‌తో 72 డిగ్రీలు పెట్టుకోవచ్చు కదా, ఈ తిప్పలెందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను.

ప్రొట్రాక్టర్ సంగతి ముందు. మామూలు ప్రొట్రాక్టర్‌లో అర డిగ్రీ తేడా కంటికి ఆనదు. 70 మిల్లీమీటర్ల గీత మీద అర డిగ్రీ అంటే కొసన 0.6 మిల్లీమీటర్ల తప్పు. అలా ఒక్కో మూల దగ్గరా కాస్త కాస్త పోతుంది. కంపాస్‌తో ఒక కొలత పట్టుకుని అదే ఐదు చోట్లా వాడితే తప్పు జరిగినా ఒకే రకంగా జరుగుతుంది, ఎక్కడ జరిగిందో పట్టుకోవచ్చు.

పంచభుజి గీయడానికి గ్రీకుల దగ్గరే రెండు మూడు దారులున్నాయి. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ రాసిన 'ఎలిమెంట్స్' నాలుగో పుస్తకంలో, 11వ ప్రతిపాదనలో ఒకటి ఉంది. అది అందమైనదే కానీ చేతికి పని ఎక్కువ. క్రీ.శ. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలమీ తన ఖగోళ గ్రంథం 'ఆల్మజెస్ట్' మొదటి పుస్తకం పదో అధ్యాయంలో చూపించినది మూడు చాపాల్లో అయిపోతుంది. ఆయనకు బొమ్మ అవసరం లేదు, జ్యాల (చాపం రెండు కొసలనూ కలిపే గీతల) పొడవుల పట్టిక తయారు చేసుకోవడానికి భుజం పొడవు కావాలి. మనం గీసేది ఈ రెండోదే.

కావలసినవి

కంపాస్. మర బిగుతుగా ఉండాలి. 60 మి.మీ.కు తెరిచి, గాల్లో రెండు మూడు సార్లు మెల్లగా ఊపి మళ్లీ స్కేలు మీద పెట్టి చూడండి. కదిలితే మర బిగించండి, లేదా ఇంకో కంపాస్ తెచ్చుకోండి. కదిలే కంపాస్‌తో ఈ పని మొదలుపెట్టడం అనవసరం.

పెన్సిల్. గట్టి ములుకు మంచిది. 2హెచ్ అయితే బాగుంటుంది, లేకపోతే హెచ్‌బీని శాండ్ పేపర్ మీద రుద్ది పదును చేసుకోండి. మొద్దు పెన్సిల్ గీత అర మిల్లీమీటర్ మందం ఉంటుంది. మనం వెతుకుతున్న తప్పు అంతకంటే చిన్నది.

స్కేలు. గీతలు గీయడానికి, చివర్లో సరిచూడటానికి మాత్రమే. గ్రీకు నియమం ప్రకారం దాని మీద అంకెలే ఉండకూడదు, తిన్నగా ఉన్న చెక్క ముక్క చాలు. మనం ఒక్క వ్యాసార్ధం కోసం అంకెలు చూస్తాం, మిగతా అంతా కంపాసే.

కాగితం కింద నాలుగు మడతలు పెట్టిన న్యూస్ పేపర్. గట్టి బల్ల మీద ముల్లు జారిపోతుంది.

వ్యాసార్ధం 60 మి.మీ. తీసుకోండి. ఏ కొలతైనా పని చేస్తుంది కానీ ఈ 60కి ఒక కారణం ఉంది, సరిచూసేటప్పుడు చెబుతాను. ఏ4 కాగితం అడ్డంగా 210 మి.మీ. ఉంటుంది కాబట్టి బొమ్మ హాయిగా పడుతుంది.

బిందువులకు పేర్లు: గ్రీకులు వాళ్ల అక్షరమాలలోని అక్షరాలు పెట్టుకున్నారు, మనం మనవి పెట్టుకుందాం. కేంద్రం క. వ్యాసానికి ఎడమ కొస చ, కుడి కొస ట. పైన త.

గీసే క్రమం

1. స్కేలు మీద సున్నా దగ్గర కాకుండా 10 దగ్గర ముల్లు పెట్టి 70 దాకా కంపాస్ తెరవండి. పాత స్కేళ్లకు సున్నా దగ్గర అంచు అరిగిపోయి ఉంటుంది. కాగితం మధ్యలో క దగ్గర ముల్లు గుచ్చి వృత్తం గీయండి. రెండో కంపాస్ ఉంటే దీన్ని ఈ కొలతలోనే ఉంచి పక్కన పెట్టండి, నాలుగో మెట్టులో మళ్లీ కావాలి. లేకపోతే అప్పుడు మళ్లీ 60కి తెరుచుకోవచ్చు.

2. క మీదుగా అడ్డంగా గీత గీయండి. అది వృత్తాన్ని ఎడమవైపు చ దగ్గర, కుడివైపు ట దగ్గర తాకుతుంది. గీతను అక్కడితో ఆపకుండా కుడివైపు ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు పొడిగించండి. దాని అవసరం తర్వాత తెలుస్తుంది. ముల్లు గుచ్చిన రంధ్రం సరిగ్గా గీత మధ్యలో ఉందా అని కాగితాన్ని దగ్గరికి తెచ్చుకుని చూడండి. రంధ్రం అంచు మీదుగా పోయిన గీత వ్యాసం కాదు.

3. ఇప్పుడు నిలువు గీత. చ దగ్గర ముల్లు పెట్టి, కంపాస్‌ను సుమారు 90 మి.మీ. తెరిచి, వృత్తానికి పైన ఒకటి, కింద ఒకటి చిన్న చాపాలు గీయండి. అదే కొలతతో ట నుంచి కూడా. పైన ఒక చోట, కింద ఒక చోట చాపాలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఆ రెండు చోట్లనూ కలపండి. గీత క మీదుగా పోవాలి. పోకపోతే ముందుకు వెళ్లకండి, చెరిపేసి మళ్లీ చేయండి. పోతే, వృత్తాన్ని పైన తాకిన చోటు త.

90 అని ఎందుకు చెప్పానంటే, ఆ కొలతకు రెండు చాపాలు దాదాపు లంబంగా కోసుకుంటాయి, ఖండన బిందువు చుక్కలా స్పష్టంగా కనిపిస్తుంది. 62, 63 పెట్టుకుంటే చాపాలు ఒకదాని మీద ఒకటి పాకినట్టు పోయి, ఎక్కడ కలిశాయో తెలియదు. చాలామంది పంచభుజులు పాడయ్యేది ఇక్కడే.

4. క-ట మధ్య బిందువు కావాలి. కంపాస్‌ను 60కి తెచ్చుకోండి (పక్కన పెట్టిన కంపాస్ ఉంటే అదే). ట దగ్గర ముల్లు పెట్టి చాపం గీస్తే వృత్తాన్ని పైన ఒకచోట, కింద ఒకచోట కోస్తుంది. ఆ రెండింటినీ కలిపే గీత అడ్డగీతను ఎక్కడ దాటుతుందో అదే మధ్య బిందువు. దానికి మ అని పేరు పెట్టండి. ఆ రెండు కోతల మధ్య 104 మి.మీ. దూరం ఉంటుంది కాబట్టి స్కేలు నిలకడగా ఆనుతుంది, గీత వంకర పోదు.

5. ముల్లు మ దగ్గర, పెన్సిల్ మొన త దగ్గర. కొలత సుమారు 67 మి.మీ. ఉంటుంది. అక్కడి నుంచి చాపాన్ని ఎడమవైపు, అంటే క-చ వైపు కిందికి తిప్పండి. అడ్డగీతను తాకిన చోటు ప. క, చ ల మధ్య, చకు కాస్త దగ్గరగా ఉంటుంది.

6. ముల్లు త దగ్గర, పెన్సిల్ మొన ప దగ్గర. ఇదే పంచభుజి భుజం.

ఈ ఆరో మెట్టు మీద ఒక నిమిషం ఖర్చు పెట్టండి. ముల్లును త చుక్క మీద నిలువుగా గుచ్చి, రెండో చేత్తో కంపాస్‌ను మెల్లగా తెరుస్తూ మొనను ప మీదికి తెచ్చి, మర బిగించి, ఒకసారి గాల్లోకి లేపి, మళ్లీ దించి చూడండి. మొన మళ్లీ ప మీదే పడాలి. మూడుసార్లు దించితే మూడుసార్లూ అదే చోట పడేదాకా సరిచేసుకోండి. మిగతా మెట్లలో చిన్న తప్పులు కొంతవరకు కరిగిపోతాయి, ఇక్కడి తప్పు మాత్రం పెరుగుతుంది.

7. అదే కొలతతో, త నుంచి వృత్తాన్ని కుడివైపు కోయండి: ర. ఎడమవైపు కోయండి: స. ఇప్పుడు ర దగ్గర ముల్లు పెట్టి కుడివైపే కిందికి కోయండి: ల. స నుంచి ఎడమవైపు కిందికి: వ.

త నుంచి ఒకే దిక్కున చుట్టూ నాలుగుసార్లు కోసుకుంటూ పోకండి. అలా పోతే నాలుగో బిందువుకు నాలుగు తప్పులు పేరుకుంటాయి. రెండు వైపులా రెండేసి కోస్తే ఏ బిందువుకూ రెండు తప్పులకు మించి చేరవు. పైగా బొమ్మ ఎడమ, కుడి సమంగా ఉంటుంది, తప్పంతా కింది భుజంలోకి దిగుతుంది, చూడటం తేలిక.

8. కంపాస్ కొలత ఇంకా మార్చకండి. ముల్లు ల దగ్గర పెట్టి, మొన వ మీద పడుతుందా చూడండి. పడితే పని అయిపోయింది. ఐదు బిందువులనూ వరుసగా కలపండి.

సరిగ్గా వచ్చిందా?

వ్యాసార్ధం 60 ఎందుకన్నానంటే, టాలమీ తన పట్టికలో వ్యాసాన్ని 120 భాగాలుగా తీసుకున్నాడు. అంటే వ్యాసార్ధం 60 భాగాలు. ఒక భాగాన్ని 60 కళలుగా, కళను 60 వికళలుగా విడగొట్టాడు. మన వృత్తంలో ఒక మిల్లీమీటరు ఆయన ఒక భాగం. ఆయన పట్టికలో 72 డిగ్రీల చాపానికి జ్యా 70 భాగాల 32 కళల 3 వికళలు. దాన్ని దశాంశాల్లోకి మారిస్తే 70.53. మీ త-ర గీత మీద స్కేలు పెట్టండి. 70 దాటి అర గీత దగ్గర ఉండాలి.

క-ప దూరం కూడా కొలవండి. 37.1 మి.మీ. రావాలి. ఆ పట్టికలో 36 డిగ్రీలకు 37 భాగాల 4 కళల 55 వికళలు అని ఉన్నది ఇదే. అది దశభుజి భుజం. ఈ రెండు అంకెలతోనే టాలమీ తన పట్టిక మొదలుపెట్టి, అర డిగ్రీ చొప్పున 180 దాకా నింపుకుంటూ వెళ్లాడు.

(మన పాఠ్యపుస్తకాల్లో చాపం అంటాం, జ్యా అంటాం. చాపమంటే విల్లు, జ్యా అంటే వింటినారి. బొమ్మ చూస్తే ఆ పేర్లు ఎందుకొచ్చాయో అడగనక్కర్లేదు.)

ఇక స్కేలు అక్కర్లేని పరీక్షలు. నా లెక్కలో ఇవే గట్టివి.

కర్ణాలు: త నుంచి ల దాకా కంపాస్ తెరవండి. అదే కొలత త-వ, ర-వ, ర-స, స-ల లకు సరిపోవాలి. భుజాలు సమంగా ఉన్నంత మాత్రాన క్రమ పంచభుజి అయిపోదు. అగ్గిపుల్లలు ఐదు కలిపి చూడండి, ఎటు నొక్కితే అటు వంగుతుంది. కర్ణాలు ఐదూ సమమైతే ఇక వంగడానికి చోటు లేదు. 60 వ్యాసార్ధానికి కర్ణం 114.1 మి.మీ.

నిలువు గీత: త నుంచి క మీదుగా కిందికి దిగే గీత ల-వ ను సరిగ్గా సగం చేయాలి. త నుంచి ల-వ దాకా ఎత్తు 108.5 మి.మీ.

వేరే వ్యాసార్ధం తీసుకున్నారా? వ్యాసార్ధాన్ని 1.1756తో గుణిస్తే భుజం, 1.902తో గుణిస్తే కర్ణం, 0.618తో గుణిస్తే క-ప.

ఎంత తప్పు వరకు సర్దుకోవచ్చు? జామెట్రీ బాక్స్ కంపాస్‌తో చివరి భుజం దగ్గర అర మిల్లీమీటర్ లోపు తేడా వస్తే మీ చేయి చాలా బాగుంది. ఒక మిల్లీమీటర్ పర్వాలేదు. రెండు దాటితే పెన్సిల్ మందం మీద నెపం వేయకండి, మెట్లలోనే ఎక్కడో తప్పుంది.

కలవకపోతే ఎక్కడ వెతకాలి

చివరి ఖాళీ చూసి భయపడకండి. 8వ మెట్టులో కనిపించే తేడా అసలు తప్పుకు ఆరు రెట్లు ఉంటుంది. భుజం కొలతలో 0.2 మి.మీ. పోతే చివర 1.2 మి.మీ. కనిపిస్తుంది. కాబట్టి ఖాళీని ఆరుతో భాగించండి, కంపాస్ కొలతలో ఎంత తేడా పోయిందో వస్తుంది. ఖాళీ మిగిలితే కొలత చిన్నదైంది, మొన వ దాటి పోతే పెద్దదైంది.

ఏ మెట్టులో తప్పు ఎంత దెబ్బ కొడుతుందో నేను లెక్క వేసి చూశాను. మ బిందువు అర మిల్లీమీటర్ పక్కకు జరిగితే భుజం 0.15 మాత్రమే మారుతుంది, చివర 0.9. నిలువు గీత వాలిపోయి త ఒక మిల్లీమీటర్ పక్కకు పడితే భుజం దాదాపు 0.3 మారుతుంది, చివర 1.7 దాకా. ఆరో మెట్టులో కంపాస్ తెరవడంలో 0.3 పోతే అది మొత్తం 0.3గానే ఉంటుంది, చివర 1.8 దాటుతుంది. అందుకే వెతికే వరుస ఇది: ముందు కంపాస్ కొలత, తర్వాత నిలువు గీత, ఆఖరున మ. నిలువు గీతను సరిచూడటానికి త-చ, త-ట దూరాలు కంపాస్‌తో పోల్చండి, రెండూ ఒకటే కావాలి. మామూలుగా అందరూ మ దగ్గరే అనుమానపడి దాన్ని నాలుగుసార్లు చెరిపి గీస్తారు. అది అన్నిటికంటే అమాయకమైన బిందువు.

ఇంకొన్ని పొరపాట్లు:

క-ప ను భుజం అనుకోవడం. అలా చుట్టూ కోస్తే పది బిందువులు వస్తాయి. కంగారు పడనవసరం లేదు. ఒకటి విడిచి ఒకటి కలపండి, పంచభుజే. కాకపోతే పదిసార్లు కోశారు కాబట్టి తప్పు పేరుకునే అవకాశం ఎక్కువ.

మ-త కొలతనే (67) భుజంగా వాడేయడం. ఐదో మెట్టు తర్వాత కంపాస్ మార్చడం మర్చిపోతే ఇదే జరుగుతుంది. చివర రెండు సెంటీమీటర్ల పైన ఖాళీ ఉంటే కారణం ఇదే.

ఐదో మెట్టులో చాపాన్ని ఎడమకు కాకుండా కుడికి తిప్పడం. అప్పుడు ట దాటి, వృత్తం బయట, పొడిగించిన గీత మీద పడుతుంది. ఈ పొరపాటు చేసినవాళ్లు బొమ్మ చింపేయకండి! ఆ బయటి బిందువుకు బ అని పేరు పెట్టి త-బ దూరం కొలవండి. 114.1 వస్తుంది. అంటే అది పంచభుజి కర్ణం. ఆ కొలతతో త నుంచి వృత్తం మీద కోసుకుంటూ పోతే ఐదు కోణాల నక్షత్రం వస్తుంది, దాని ఐదు కొసలూ మన పంచభుజి బిందువులే. రెండో మెట్టులో గీత పొడిగించమన్నది ఇందుకే. ఎడమ చాపం భుజాన్ని ఇస్తే, కుడి చాపం దాన్ని సరిచూసే కర్ణాన్ని ఇస్తుంది. నేను ఇప్పుడు రెండూ గీస్తాను.

నా సొంత గోల ఒకటి. చదువుకునే రోజుల్లో ప్రదర్శన కోసం చార్టు మీద పెద్ద పంచభుజి గీసి, స్కెచ్ పెన్నుతో దిద్ది, రంగు కూడా వేశాక చూస్తే కింది భుజం ఒకటే పొడుగు. కంపాస్‌కు చార్టు సైజు సరిపోక పెన్సిల్‌ను బయటికి లాగి కట్టాను, అది ప్రతి కోతకూ కాస్త కిందికి జారింది. అప్పటి నుంచి ఎనిమిదో మెట్టు కాకుండా సిరా ముట్టను.

ఎందుకు ఇలా వస్తుంది?

రెండు ముక్కల్లో చెబుతాను. త-క-ప లంబకోణ త్రిభుజం. అందులో క-త వ్యాసార్ధం, అంటే షడ్భుజి భుజం. క-ప దశభుజి భుజం. ఒకే వృత్తంలో గీసిన షడ్భుజి భుజం మీద చతురస్రం, దశభుజి భుజం మీద చతురస్రం కలిపితే పంచభుజి భుజం మీద చతురస్రం అవుతుందని 'ఎలిమెంట్స్' 13వ పుస్తకం 10వ ప్రతిపాదన. కాబట్టి త-ప పంచభుజి భుజం. క-ప దశభుజి భుజం ఎందుకయింది అంటే కథ నాలుగో పుస్తకం 10వ ప్రతిపాదనలోని 36-72-72 త్రిభుజం దాకా వెళుతుంది, ఇక్కడ అది వద్దు.

వృత్తం కాదు, భుజం ఇచ్చారు!

ఇది రెండో పెద్ద ప్రశ్న. "60 మి.మీ. భుజంతో క్రమ పంచభుజి గీయండి" అంటే ఇలా చేయండి.

1. 60 మి.మీ. గీత గీయండి: ల నుంచి వ. దాన్ని వ వైపు ఇంకో 50 పొడిగించండి.

2. వ దగ్గర లంబం నిలబెట్టి, దాని మీద ల-వ అంత పొడవు కోయండి. ఆ కొస న.

3. ల-వ కు మధ్య బిందువు కనుక్కోండి. అక్కడ ముల్లు పెట్టి, మొన న మీద పెట్టి, చాపాన్ని పొడిగించిన గీత మీదికి తిప్పండి. పడిన చోటు జ.

4. ల-జ దూరమే కర్ణం. 60 భుజానికి 97.1 మి.మీ. వస్తుంది.

5. కర్ణం కొలతతో ల నుంచి, వ నుంచి పైన చాపాలు కోస్తే కలిసిన చోటు పై శీర్షం. ఇక ఒక పక్క శీర్షం కోసం: వ నుంచి భుజం కొలతతో ఒక చాపం, ల నుంచి కర్ణం కొలతతో ఒక చాపం. రెండో పక్కకు తిరగేసి చేయండి.

సరిచూడటం: రెండు పక్క శీర్షాల నుంచి పై శీర్షానికి దూరం 60 రావాలి. దీన్ని మీరు గీయలేదు, దానంతట అది రావాలి. అందుకే మంచి పరీక్ష.

నేల మీద పెద్దది కావాలంటే

డాబా మీదో వాకిట్లోనో రెండు మీటర్ల నక్షత్రం ముగ్గు కావాలని అడిగినవాళ్లున్నారు. మెట్లన్నీ అవే, కంపాస్ బదులు మేకు, తాడు. ఒకటే హెచ్చరిక: నైలాన్ దారం సాగుతుంది. ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా లాగితే సెంటీమీటర్లలో తేడా వస్తుంది. దాని బదులు సన్నని చెక్క పట్టీకి ఒక కొసన మేకు కొట్టి, కావలసిన దూరంలో చిన్న రంధ్రం చేసి సుద్దముక్క దూర్చండి. సుద్దకు మందం ఉంటుంది కాబట్టి గుర్తుల నడిమి చూసి కోయండి.

"ఇంజనీరింగ్ డ్రాయింగ్ పద్ధతి" సంగతి

వ్యాసాన్ని ఐదు సమ భాగాలు చేసి, వ్యాసం మీద సమబాహు త్రిభుజం కట్టి, దాని శిఖరం నుంచి రెండో భాగం మీదుగా గీత లాగే పద్ధతి ఒకటి తిరుగుతోంది. ఏ బహుభుజికైనా ఇదే చాలంటారు. లెక్క కడితే ఐదుకు 71.95 డిగ్రీలు వస్తుంది, 72 కాదు. మన 60 మి.మీ. వృత్తంలో చుట్టూ తిరిగేసరికి తేడా పావు మిల్లీమీటర్. పెన్సిల్ గీతలో దాక్కుంటుంది, కంటికి కలిసినట్టే ఉంటుంది. అందుకే దీన్ని సరైన పద్ధతి అనుకుంటారు. బొమ్మ కలిసిందా లేదా అనేది మీ చేతిని పరీక్షిస్తుందే గానీ పద్ధతిని కాదు. టాలమీ పద్ధతి చేతి వల్ల తప్పొచ్చు, కానీ పద్ధతిలో తప్పు లేదు. ఈ దగ్గరి పద్ధతి ఎంత మంచి చేతిలోనైనా అంత తప్పు మోసుకునే వస్తుంది. గోడ మీద బొమ్మకు వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. "నిర్మించండి" అని అడిగిన చోట వాడకండి.

ఏడు భుజాలకు ఇలాంటిదేమైనా చెప్పమని కూడా అడుగుతుంటారు. గుర్తుల్లేని స్కేలు, కంపాస్‌లతో క్రమ సప్తభుజి సాధ్యం కాదు. ఏవి సాధ్యం, ఏవి కావు అన్నది 1796లో గణితవేత్త గౌస్ 17 భుజాలది సాధ్యమని చూపించడంతో కదిలింది, 1837లో మరో గణితవేత్త వాంట్‌జెల్ రుజువుతో తేలిపోయింది. గ్రీకులు ఏడును వదిలేయలేదు, కానీ అందుకు వేరే పనిముట్టు పట్టాల్సి వచ్చింది. ఆర్కిమిడీస్ పేరు మీద సాబిత్ ఇబ్న్ ఖుర్రా అరబీ అనువాదంలో మిగిలిన సప్తభుజి నిర్మాణంలో గీతను జరుపుతూ రెండు వైశాల్యాలు సమానమయ్యే చోట ఆపాలి. అలా జరిపి ఆపడం మన నియమాల్లో లేదు.

పంచభుజి కుదిరితే ఇది కూడా

బొమ్మ చెరపకండి, ఇంకో పది నిమిషాల పని ఉంది. 'ఎలిమెంట్స్' నాలుగో పుస్తకం పంచభుజితో ఆగదు, ఆఖరి ప్రతిపాదన 16వది, పదిహేను భుజాలది. అదే వృత్తంలో, త నుంచే మొదలుపెట్టి సమబాహు త్రిభుజం గీయండి. దానికి నిలువు గీత కింద వృత్తాన్ని తాకే చోట ముల్లు పెట్టి, 60 కొలతతో రెండు వైపులా కోస్తే చాలు, కింది రెండు శీర్షాలు వచ్చేస్తాయి. కుడివైపు చూడండి: త్రిభుజం శీర్షం త నుంచి 120 డిగ్రీల దగ్గర, పంచభుజి శీర్షం ల 144 దగ్గర. మధ్యలో 24 డిగ్రీలు. వృత్తంలో పదిహేనో వంతు. యూక్లిడ్ కొంచెం వేరే దారిలో, ఒక చాపాన్ని సగం చేసి అక్కడికే వస్తాడు, మనకు సగం చేయడం కూడా అక్కర్లేదు. ఆ రెండు బిందువుల మధ్య కంపాస్ పెడితే 24.95 మి.మీ. వస్తుంది.

ఐదో శతాబ్దంలో 'ఎలిమెంట్స్'కు వ్యాఖ్యానం రాసిన ప్రోక్లస్ ప్రకారం యూక్లిడ్ దీన్ని ఖగోళం కోసం పెట్టాడు. సూర్యుడి దారికి, ఖగోళ విషువత్ రేఖకు మధ్య వాలు సుమారు ఈ పదిహేనుభుజి ఒక భుజమంత అని అప్పటి లెక్క. టాలమీ తర్వాత దాన్ని 23 డిగ్రీల 51 నిమిషాల 20 సెకన్లుగా తీసుకున్నాడు.

ఒక జాగ్రత్త: ఈ 25 మి.మీ. కొలతతో చుట్టూ పదిహేనుసార్లు కోయకండి. తప్పు పదిహేను రెట్లవుతుంది. పంచభుజి ఐదు శీర్షాల నుంచి రెండు వైపులా ఒక్కోసారి కోయండి. ఐదు ఉన్నవే, పది కొత్తవి, మొత్తం పదిహేను, ఏదీ ఒక కోతకు మించి దూరం పోదు. త్రిభుజం కింది రెండు శీర్షాలు ఆ కొత్త గుర్తుల్లో రెండింటి మీద పడ్డాయో లేదో చూసుకోండి.